పెట్టె మీది పదిహేను కిలోమీటర్లు

మొన్న సంక్రాంతికి చోడవరంలో ఉండగా ఆఫీసు స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. "మామా, మీ ఊరి మీదుగానే లంబసింగి పోతున్నాం, టీ తాగించు" అని. సరే రమ్మన్నాను. నాలుగు కార్లు దిగాయి. మావాడు కారు దిగుతూనే నడుముకి తగిలించుకున్న నల్ల సెట్టు తీసి "నాలుగో కారు, నాలుగో కారు, టీ దగ్గర ఆగాం, ఓవర్" అంటున్నాడు. నాలుగో కారు ఇరవై అడుగుల వెనకే ఉంది, అద్దం దించితే మామూలుగా మాట్లాడినా వినబడుతుంది. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి "ఏ మినిస్టరు గారొస్తన్నారు బాబూ?" అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

అందరం నవ్వాం. సెట్టు చేతిలోకి తీసుకుని వెనక స్టిక్కరు చూశాక మాత్రం నాకు నవ్వు ఆగిపోయింది. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్, 5 వాట్లు. పెట్టె మీద 'రేంజ్ 15 కి.మీ.' అని ఉందట. నాలుగు సెట్లు కలిపి వాళ్ళ ఒక్క రాత్రి హోటలు ఖర్చంత కూడా కాలేదట. మా ఇంట్లో ఉన్న జత చూపిస్తే తెగ నవ్వాడు. "అర వాటా? ఇది పిల్లల బొమ్మ మామా. అంకుల్‌కి నేను అసలుసిసలు జత పంపిస్తాలే, తుపానొస్తే పనికొస్తుంది" అన్నాడు.

వద్దన్నాను. కార్లు కదిలిపోతుంటే కారణం నిలబెట్టి చెప్పే వీలు లేకపోయింది. అందుకే ఇదంతా. వాడొక్కడి కోసమే అయితే చాట్‌లో చెప్పేవాణ్ణి. కానీ బైకు యాత్రలకీ, అపార్టుమెంటు వాచ్‌మన్లకీ, ఊళ్ళో నాన్నగారి పొలానికీ అని ఇవే సెట్లు కొంటున్నవాళ్ళు మన ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. వాకీటాకీ కొనేటప్పుడు మనవాళ్ళు చూసేవి రెండే అంకెలు, వాట్లు, కిలోమీటర్లు. నేననేది ఏంటంటే, ఆ రెండూ చూసి కొన్నవాడు తప్పు సెట్టు కొన్నట్టే. అవతల మాట్లాడేది ఎవరు, ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎవరి అనుమతితో అన్నవి తేలాకే వాట్ల సంగతి.

ముందు కిలోమీటర్ల కథ చూద్దాం. మావాడు ఈసీఈ. మూడో ఏడాదిలో యాంటెనాల పేపరు రాసి డెబ్బై పైన తెచ్చుకున్నవాడే. అయినా పెట్టె మీద రాసింది నమ్మాడు. ఈ ఫ్రీక్వెన్సీల్లో తరంగం దాదాపుగా చూపు ఆనినంత దూరమే పోతుంది. భూమి గుండ్రం కాబట్టి నేల మీద నిలబడ్డ ఇద్దరు మనుషుల మధ్య, సెట్టు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటే, ఆ గీత సుమారు పది కిలోమీటర్ల దగ్గర తెగిపోతుంది. అదీ మధ్యలో ఒక్క చెట్టు, ఒక్క గోడ లేకుండా సముద్రం లాంటి నున్నటి నేల ఉంటేనే. మరి పదిహేను ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఒకడు కొండ మీదా, ఒకడు లోయకి అవతలా నిలబడితే వస్తుంది. పెట్టె మీద ఆ కొండ బొమ్మ వెయ్యరు, అంతే.

ఇక వాట్లు. నేల మీద నడిచే సిగ్నలు దూరం పెరిగేకొద్దీ నాలుగో ఘాతంలో పడిపోతుందని చదువుకున్నాం కదా. ఆ లెక్కన అర వాటు నుంచి అయిదు వాట్లకి, అంటే పది రెట్లు పవర్ పెంచితే దూరం పెరిగేది 1.78 రెట్లు. రెట్టింపు కూడా కాదు! అదే లెక్కలో యాంటెనా ఎత్తు వర్గంలో వస్తుంది. ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న సెట్టుని పట్టుకుని మేడ మెట్లెక్కి తొమ్మిది మీటర్ల ఎత్తుకి వెళితే ఆరు రెట్లు ఎత్తు, ముప్పై ఆరు రెట్లు పవర్ పెంచిన ఫలితం. దూరం దాదాపు రెండున్నర రెట్లు. అయిదు వాట్ల సెట్టు చెయ్యలేని పని మా ఇంటి మెట్లు పైసా ఖర్చు లేకుండా చేస్తాయన్నమాట.

ఇది కాగితం మీద లెక్కే కాదు. నిరుడు ఆ 'పిల్లల బొమ్మ' జత కొన్నప్పుడు నాన్నా నేనూ పొలంలో చూశాం. చెరుకు నిలబడి ఉంది, మనిషికంటే ఒకటిన్నర రెట్లు ఎత్తు. నేను మోటారు షెడ్డు దగ్గర, నాన్న గట్టు వెంబడి నడుస్తూ. చెరుకు మధ్యలోంచి అయితే కిలోమీటరు కూడా రాకుండానే గరగర మొదలైంది. నరికేసిన మడులకు అడ్డంగా, చెరువు గట్టు ఎక్కి మాట్లాడితే రెండు కిలోమీటర్లు దాటాక కూడా పక్కనే ఉన్నట్టు వినబడింది. సెట్టు అదే, మనుషులు అదే, బ్యాటరీ అదే.

(నాన్నతో వచ్చిన తిప్పలు వేరు. బటన్ నొక్కి మాట్లాడి వదలడు. వదిలితే కదా నా మాట వినబడేది! "ఏటిరా, పలకవేటి?" అని బటన్ నొక్కి పట్టుకునే నన్ను తిట్టాడు పావుగంట. వాకీటాకీలో ఒకేసారి ఒకళ్ళే మాట్లాడాలి అనే చిన్న సంగతి ఏ ప్యాకింగు మీదా పెద్దక్షరాలతో ఉండదు. అది మనమే నేర్పాలి.)

ఇప్పుడు అసలు గొడవ. మన దేశంలో రేడియో సెట్టు అంటే టార్చిలైటులా కొనుక్కుని వాడుకునే వస్తువు కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాకా మాట ఒకటే. అనుమతి గానీ మినహాయింపు గానీ లేని సెట్టు దగ్గర ఉంచుకోవడమే తప్పు, మాట్లాడినా మాట్లాడకపోయినా. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. 2005లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్ బ్యాండ్‌ని వదిలారు. దాని తరంగం పదకొండు మీటర్లు, సరైన యాంటెనా కట్టాలంటే చేతిలో పట్టుకునే సెట్టు కాస్తా వెదురుగడ అవుతుంది. 2018 నిబంధనల్లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా చిన్న పవర్ సెట్లకి లైసెన్సు అక్కర్లేదన్నారు. మామూలు మనిషికి పనికొచ్చే కిటికీ ఇదే. యూరప్‌లో కూడా ఇదే బ్యాండ్, అర వాటు పరిమితితో, జనం ఎన్నో ఏళ్ళుగా వాడుకుంటున్నారు.

మావాడి సెట్టు ఈ కిటికీలోనూ మాట్లాడగలదు కదా అంటారా? మాట్లాడగలదు. దాంతోబాటు పోలీసులవీ, ఓడలవీ, ఇంకా ఎవరెవరివో ఫ్రీక్వెన్సీల మీద కూడా మాట్లాడగలదు. గొడవంతా అక్కడే. 156.8 మెగాహెర్ట్జ్ అనేది సముద్రం మీద ప్రాణాపాయంలో ఉన్నవాడు కేక వేసే ఛానెల్, ప్రపంచమంతా పదహారో ఛానెల్ అంటారు. అది సరిగ్గా ఆ 136 - 174 మధ్యలో పడుతుంది. వైజాగ్‌లో కైలాసగిరి ఎక్కి, ఎత్తు మీద నుంచి, అయిదు వాట్లతో, మీట తిప్పుతూ "హలో హలో, ఎవరైనా ఉన్నారా" అని సరదాపడే కుర్రాడికి తను ఎవరి కేక మీద అరుస్తున్నాడో తెలుస్తుందా? వేటకెళ్ళిన బోటువాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క ఛానెలే. ఎఫ్.ఎం.లో రెండు సిగ్నళ్ళు ఒకేసారి వస్తే బలమైనదే వినబడుతుంది, బలహీనమైనది అసలు ఉన్నట్టే తెలియదు. దూరంగా మునిగిపోతున్నవాడిదే ఎప్పుడూ బలహీనమైన సిగ్నలు.

ఇంకోటి మా ప్రాంతానికి సంబంధించింది. చోడవరం నుంచి మాడుగుల మీదుగా పోతే పాడేరు ఘాట్. అది ఏజెన్సీ. మావోయిస్టుల పేరు చెప్పి దశాబ్దాలపాటు ఆ దారుల్లో బస్సులాపి సంచులు వెతికిన ప్రాంతం. లంబసింగి దారి కూడా అటువంటి కొండల్లోకే. హైదరాబాదు నంబరు ప్లేటు, ఐటీ కంపెనీ మెడపట్టీ ఉన్న మావాడిని చెక్‌పోస్టులో ఆపితే "సర్, ట్రిప్ కోసం" అని ఇంగ్లీషులో చెప్పి బయటపడతాడేమో. అదే సెట్టు లుంగీ కట్టుకుని మోపెడ్ మీద పోయే రైతు జేబులో దొరికితే? పోలీసు ఫ్రీక్వెన్సీలు వినగలిగే సెట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మా నాన్న ఏం చెబుతాడు? "మావోడి ఫ్రెండు పంపాడు బాబూ" అంటాడు. ఆ తర్వాత స్టేషను మెట్ల మీద కూర్చోవలసింది ఆయన. కానుక పంపినవాడు మాదాపూర్‌లో స్టాండప్ మీటింగులో ఉంటాడు.

"ఎవరు పట్టుకుంటారు లెద్దూ, ఆన్‌లైన్‌లో బహిరంగంగా అమ్ముతున్నారు కదా" అనేది మనవాళ్ళ ఆఖరి వాదన. అమ్మినంత మాత్రాన వాడొచ్చని కాదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సరిగ్గా ఈ విషయం మీదే పదమూడు ఆన్‌లైన్ వేదికలకి నోటీసులిచ్చింది. అదే నెల 30న మార్గదర్శకాలు కూడా తెచ్చింది: వాకీటాకీ అమ్మకానికి పెడితే ఫ్రీక్వెన్సీ ఎంతో చెప్పాలి, ఈటీఏ అనే పరికర ఆమోదం చూపించాలి, లైసెన్సు కావాలో అక్కర్లేదో కొనేవాడికి తెలియాలి అని. మంచిదే. కానీ మాటల్లో పెద్దదిగా ఉండే మన సర్కారుని కూడా ఇక్కడ ఓ మాట అనాలి. 2018లో జనం కోసం ఒక చిన్న కిటికీ తెరిచారు, ఆ సంగతి జనానికి ఎవరైనా చెప్పారా? తుపాను జాగ్రత్తల్లో టార్చి, కొవ్వొత్తి, అటుకులు, మంచినీళ్ళు అని ఏటా చెబుతారు. ఫలానా రకం సెట్టుకి లైసెన్సు అక్కర్లేదు, ఊరికి నాలుగు ఉంచుకోండి అని చెప్పినవాణ్ణి నేనైతే చూడలేదు. సక్రమమైన వస్తువు ఉందనే తెలియనప్పుడు జనం అక్రమమైనది కొనరా మరి?

సరే, అయితే ఏం కొనాలి అంటారు. నేను కొన్నప్పుడు చూసినవి చెబుతాను, మీ అవసరం వేరైతే మీరే సర్దుకోండి. సెట్టు 446 బ్యాండ్‌కే పరిమితమై ఉండాలి, ఈటీఏ వివరం అమ్మేవాడు చూపించాలి. అడిగితే నసిగేవాడి దగ్గర కొనకండి. తర్వాత బ్యాటరీ. ఇది వాట్ల కన్నా వంద రెట్లు ముఖ్యం. తుపానొచ్చి కరెంటు పోతే మా పల్లెల్లో వారం పది రోజులు రాకపోవచ్చు. డబ్బాలో కూర్చోబెట్టి ఛార్జి చేసే సెట్టు రెండో రోజుకి ఇటుకరాయి. పెన్సిల్ సెల్స్ వేసుకునేదో, పవర్ బ్యాంకుతో ఛార్జయ్యేదో తీసుకోండి. పెన్సిల్ సెల్స్ మా ఊళ్ళో పాన్ షాపులో కూడా దొరుకుతాయి. నీటి సంగతి 'వాటర్‌ప్రూఫ్' అన్న స్టిక్కరు చూసి తేల్చుకోవద్దు, ఐపీ అంకె చూడండి. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకోవాలి. ఐపీ54 అంటే చిందిన నీళ్ళు, అంతే. కాలవలో పడితే గోవిందా.

'121 ప్రైవసీ కోడ్లు' అని ఇంకో మాయ ఉంది. ప్రైవసీ లేదు, గాడిద గుడ్డూ లేదు. మాటతో పాటు ఒక సన్నటి స్వరం కలిపి పంపుతుంది, అదే స్వరం పెట్టుకున్న సెట్టు మాత్రమే నోరు తెరుస్తుంది. మన మెయిల్‌లో ఫిల్టరు పెట్టుకున్నట్టు. మిగతావాళ్ళ గోల మనకి వినబడదు గానీ మన మాట మాత్రం ఆ ఛానెల్‌లో ఉన్న అందరికీ వినబడుతుంది. ఈ సెట్ల మీద బ్యాంకు పిన్ను చెప్పుకునేవాళ్ళుంటే ఇక మీ ఇష్టం :-)

అన్నిటికన్నా ఒళ్ళు మండించేది సిమ్ కార్డు వేసే వాకీటాకీ. 'రేంజ్ 5000 కి.మీ.' అని రాస్తాడు. ఎందుకుండదు? అది వాకీటాకీ వేషం కట్టిన సెల్ ఫోను. టవర్ మీదే బతుకుతుంది, టవర్ పడితే దాంతోనే పడుతుంది. రోజూ సెక్యూరిటీ పనికీ, లారీలకీ బాగానే ఉంటుంది, కాదనను. తుపాను కోసం అది కొనడం మాత్రం ఒకే సర్వర్‌లో ఒరిజినలూ బ్యాకప్పూ రెండూ పెట్టుకోవడం లాంటిది. మనలో ఎవడైనా ఆ డిజైన్ రివ్యూకి తెస్తే తలుపు దగ్గరే వెనక్కి పంపిస్తాం.

తుపాను తుపాను అని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. నేను అప్పుడు ఇంటర్, వైజాగ్‌లో హాస్టల్లో ఉన్నాను. అమ్మా నాన్నా చోడవరంలో. మధ్యాహ్నానికి కిటికీలు పోయాయి, సాయంత్రానికి ఫోన్లలో గీతలు పోయాయి. టవర్ కింద బ్యాటరీలుంటాయి, జనరేటరుంటుంది. కానీ బ్యాటరీ కొన్ని గంటలే, జనరేటర్‌కి డీజిలు తెచ్చే దారి నిండా చెట్లు. కేబుళ్ళు తెగితే టవర్‌కి కరెంటున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మూడు రోజులు నాకు వాళ్ళ సంగతి తెలీదు, వాళ్ళకి నా సంగతి తెలీదు. నాలుగో రోజు నాన్న బైకు మీద, దారిలో చెట్లు అడ్డమొచ్చిన చోటల్లా దిగి పొలాల్లోంచి తోసుకుంటూ వచ్చాడు. హాస్టల్ గేటు దగ్గర నన్ను చూసి ఏమీ అనలేదు. "తిన్నావా?" అన్నాడు. ఇంటి దగ్గర చెరుకంతా పడుకుండిపోయిందని అమ్మ చెబితేనే తర్వాత తెలిసింది.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. ఆ రోజు మా ఇంట్లో అర వాటు సెట్టు ఉన్నా, మావాడి అయిదు వాట్ల సెట్టు ఉన్నా, చోడవరం నుంచి వైజాగ్ హాస్టల్‌కి ఒక్క మాట కూడా వచ్చేది కాదు. మధ్యలో కొండలున్నాయి. 446 సెట్టు చేసే పని చిన్నది: మా ఇంటికీ పెదనాన్న వాళ్ళ ఇంటికీ మధ్య, మోటారు షెడ్డుకీ ఇంటికీ మధ్య, వరుసగా పోయే నాలుగు కార్ల మధ్య. ఆ పని అది బాగా చేస్తుంది. ఊరు దాటి మాట పోవాలంటే మాత్రం దారి ఒక్కటే, హామ్ రేడియో.

మనలో చాలామంది హామ్ అంటే ముసలాళ్ళ సరదా అనుకుంటారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ గారు, కాల్ సైన్ వీయూ2ఆర్బీఐ, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడే సరదా యాత్ర కోసం వెళ్ళిన మనిషి. లైన్లన్నీ తెగిపోయాక అదే స్టేషను ద్వీపాల సమాచారాన్ని బయటికి మోసింది. ఆవిడ దగ్గర ఉన్నది మాయ సెట్టేం కాదు. లైసెన్సు, పెద్ద యాంటెనా, అవతల వింటున్న మనుషులు. ఆ మూడోది ఏ వెబ్‌సైటులోనూ కార్టులో వేసుకోలేం.

దీనికి పరీక్ష ఉంది. పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా రాయొచ్చు. రెండు గ్రేడులు, రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కోడ్ అక్కర్లేదు. అందులో అడిగే ఎలక్ట్రానిక్స్ మన బీటెక్ సిలబస్‌లో పదో వంతు ఉండదు. పాసైతే మావాడి దగ్గరున్న సెట్టు లాంటిదాన్నే 144 - 146, 434 - 438 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో, దర్జాగా, పేరు చెప్పుకుని వాడొచ్చు. అంటే నేను సెట్టుని తిట్టడం లేదు, దాని మీద కూర్చున్నవాడిని తిడుతున్నాను. ఒక్క షరతు ఉంది, అవతలివాడికీ లైసెన్సుండాలి, వ్యాపారపు మాటలు మాట్లాడకూడదు. కాబట్టి "ట్రాక్టరు గోవాడ ఫ్యాక్టరీ కాటా దాకా వచ్చిందా" అని నాన్న అడగడానికి అది పనికిరాదు. ఆ పనికి ఫోను ఉంది, 446 ఉంది. పరీక్ష రాసి కాగితం చేతికొచ్చే దాకా ఓపిక పట్టాలి, మన ఆఫీసుల సంగతి తెలిసిందే కదా. అయినా వీసా స్లాటు కోసం తెల్లారుజామున రెండింటికి లేచి కూర్చునే జాతి మనది, మనకి ఓపిక లేదని ఎవరంటారు?

చోడవరంలో (2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా విశాఖ జిల్లానే వస్తుంది) ఇద్దరు లైసెన్సున్న హామ్‌లు, ఒక కారు బ్యాటరీ, మేడ మీద ఒక తీగ ఉంటే, చుట్టుపక్కల పల్లెల్లో నాలుగేసి 446 సెట్లు ఉంటే, హుద్‌హుద్ లాంటిది ఇంకోటి వచ్చినప్పుడు "మావాడు బాగానే ఉన్నాడు" అన్న కబురు ఒక్క పూటలో ఇల్లు చేరుతుంది. యాభై ఇళ్ళలో యాభై దొంగ సెట్లు ఉంటే ఏమవుతుంది? యాభై మంది ఒకే ఛానెల్ మీద బటన్ వదలకుండా అరుస్తారు.

లంబసింగి నుంచి తిరిగొస్తూ మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఘాట్‌లో రెండు మలుపులు తిరిగేసరికి వెనక కారుతో మాట తెగిపోయిందట. "అయిదు వాట్లు కదా మామా, ఎందుకలాగ?" అని అడిగాడు. మధ్యలో కొండుంది కాబట్టి, అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాన్నకి జత ఆర్డర్ పెట్టలేదులే అని చెప్పి, ఆ పరీక్ష ఫారం లింకు పంపమన్నాడు. పంపాను. నాదీ ఇంకా సగమే నింపి ఉంది, ఈ శనివారం కూర్చుని పూర్తి చెయ్యాలి.